పాలపళ్ల కోడెలూ సీనియర్ బండా: ఫాంటసీ ఆటలో మొదటి క్లాస్ ఎంపిక

రాయలసీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీకి జతను తోలుకురాగానే నిర్వాహకులు కోడె నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లవాటికి ఒక విభాగం, రెండు పళ్లకు ఒకటి, నాలుగు పళ్లకు ఒకటి, ఆరు పళ్లకు మరొకటి, ఆపైన సీనియర్లు. పాలపళ్ల జతను తెచ్చి సీనియర్ బండకు కడతానంటే ఎవరూ ఒప్పుకోరు. కంప్యూటర్ మీద ఆడే ఫాంటసీ ఆటలలో కొన్నింటికి ఈపాటి దయ కూడా లేదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో సులభం, మధ్యమం, కఠినం అని ఎంచుకునే వీలే లేదు. ఇలాంటి ఆటలు పదేళ్లుగా ఆడుతున్నవాడికీ, కర్నూలులో నిన్ననే ఇంటర్ పరీక్షలు ముగించుకుని మొదటిసారి కూర్చున్న పిల్లవాడికీ బండ ఒకటే. వారిద్దరికీ దొరికే వెసులుబాటు అంతా ఆట మొదలయ్యే ముందు వచ్చే ఒక్క తెర మీదే ఉంటుంది. అక్కడ పది మంది వరుసగా కనిపిస్తారు. ఒకరిని ఎంచుకోవాలి.

ఆ పది మందినే క్లాసులు అంటారు. కత్తి పట్టేవాడా, మంత్రం చదివేవాడా, చాటుగా నడిచేవాడా అన్నది అక్కడ తేలుతుంది. కఠినత స్థాయి లేని ఆటలో ఆ పనిని చేసేది క్లాసే, కాకపోతే ఆ సంగతి తెర మీద ఎక్కడా రాసి ఉండదు. కొత్తగా ఆడేవారు తెలిసినవారిని అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, వీటిలో గట్టిది ఏది?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు కొత్తవాడిని ముంచుతుంది. గట్టిది అని పేరున్న క్లాస్ ఆట తెలిసినవాడి చేతిలో గట్టిది. కొత్తవాడు చూసుకోవలసినవి వేరే రెండున్నాయి. ఎన్ని తప్పులు చేసేదాకా బతకనిస్తుంది? చచ్చిపోయినప్పుడు ఎందుకు చచ్చామో తెలియనిస్తుందా? మొదటిదాన్ని అందరూ గుర్తిస్తారు. రెండోదాన్ని దాదాపు అందరూ మరచిపోతారు. తిరకాసు ఏమిటంటే ఈ రెండు గుణాలూ ప్రతి క్లాస్‌లోనూ కలిసి ఉండవు.

క్లాసుల మూలం కంప్యూటర్లకంటే ముందుది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చు వేశారు. కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. అందులో ఉన్నవి మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అనే పూజారి. దొంగ ఆ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. యోధుడు మొదటి రోజు నుంచి నిలకడగా ఉంటాడు. మాంత్రికుడు మొదట్లో గాలికి పడిపోయేవాడు, చాలా లెవెళ్లు దాటాక కొండలు కూల్చేవాడు. అంటే మాంత్రికుడిని ఎంచుకోవడం నాడే ఒక అప్పు లాంటిది, ఇప్పుడు కష్టం, ఫలం తరవాత. తరవాతి కంప్యూటర్ ఆటలు ఆ లెక్కను దాదాపు యథాతథంగా తీసుకున్నాయి. 1996 చివర వచ్చిన డయాబ్లోలో కూడా ఉన్నవి మూడే: యోధుడు, విల్లు పట్టే రోగ్, మంత్రగాడు. పేర్లు ఎన్ని మారినా ఇప్పటి తెర మీద కనిపించే పది పన్నెండు మందిలోనూ పాత ముఖాలే తొంగి చూస్తాయి.

ఆ లెక్క ఎంత కఠినంగా ఉంటుందో పాచికలతోనే చూడవచ్చు. 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు నియమాల మీద నడుస్తుంది. ఆ నియమాల ప్రకారం మొదటి లెవెల్‌లో విజార్డ్ అనే మాంత్రికుడికి 6, ఫైటర్ అనే యోధుడికి 10, బార్బేరియన్ అనే మొరటు యోధుడికి 12 ప్రాణపు పాయింట్లు. దేహదార్ఢ్యం బాగుంటే మరో రెండు కలుస్తాయి. అంటే విజార్డ్‌కు 8, ఫైటర్‌కు 12 అనుకుందాం. గొలుసు కవచం వేసుకుని డాలు పట్టిన ఫైటర్ రక్షణ అంకె 18. బట్టలతో నిలబడిన విజార్డ్‌ది, కాస్త చురుకైనవాడైతే, 12. ఎదురుగా గాబ్లిన్ అనే ఒక పొట్టి రాక్షసుడు. అది 20 ముఖాల పాచిక వేసి నాలుగు కలుపుకుంటుంది. వచ్చిన మొత్తం రక్షణ అంకెను అందుకుంటే దెబ్బ తగిలినట్లే. ఇరవై ముఖాలలో పదమూడు విజార్డ్‌ను తాకుతాయి, ఏడే ఫైటర్‌ను తాకుతాయి. తగిలిన దెబ్బ ఆరు ముఖాల పాచికకు రెండు కలిపినంత, అంటే సగటున అయిదున్నర. లెక్క చివరిదాకా వేస్తే విజార్డ్ కూలడానికి గాబ్లిన్ సుమారు మూడుసార్లు కత్తి విసిరితే చాలు. ఫైటర్‌ను కూల్చాలంటే ఏడెనిమిది సార్లు విసరాలి. పైగా ఫైటర్‌కు ఒకసారి ఊపిరి పీల్చుకుని కొంత ప్రాణం తిరిగి తెచ్చుకునే వీలు మొదటి లెవెల్‌లోనే ఉంది.

విజార్డ్‌కు మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రం ఉంది కదా అని తెలిసినవారు అడగవచ్చు. ఉంది. అది చదివితే గాబ్లిన్ పాచికలో తాకే ముఖాలు పదికి తగ్గుతాయి. కానీ మొదటి లెవెల్ విజార్డ్ నిండా విశ్రాంతి తీసుకున్న తరవాత చదవగలిగే పెద్ద మంత్రాలు రెండు. అందులో ఒకటి ఆ రక్షణకే పోతుంది. ఆ బేరం లాభమా నష్టమా అని లెక్క వేయగలిగినవాడు కొత్తవాడే కాదు.

ఫైటర్‌కు దొరికే ఆ నాలుగైదు అదనపు వేట్లలోనే కొత్తవాడి చదువంతా ఉంది. శత్రువు ఎలా కదులుతాడు, తాను ఎక్కడ నిలబడకూడదు, మందు సీసా ఎప్పుడు తాగాలి అన్నవి చూసి నేర్చుకునే వ్యవధి అది. మూడు వేట్లలో పడిపోయినవాడికి చూసే సమయమే ఉండదు. పడిపోయాడన్న సంగతి మాత్రమే మిగులుతుంది.

ఈ తేడా అనంతపురం రైతుకు వివరించనక్కరలేదు. సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేలలో వేరుశనగ వేయడం విజార్డ్‌ను ఎంచుకోవడం లాంటిదే. అదను చూసి వాన పడితే కాపు చూసి కళ్లు చెదురుతాయి. రెండు వారాలు మొహం చాటేస్తే విత్తనం ఖర్చు కూడా రాదు. మంత్రగాడి వాన పేరు మానా. అది ఉన్నంతసేపు గుంపులు గుంపులుగా శత్రువులు కాలిపోతారు, అయిపోయిన క్షణాన చేతిలో కర్ర పట్టుకున్న బక్క మనిషి మిగులుతాడు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారే కేసీ కాలువ కింద మడి వేరు. అక్కడా నీళ్లు రాని ఏళ్లున్నాయి కానీ, ప్రతి మబ్బునూ చూసి గుండె జారదు. కత్తికి మానా అక్కరలేదు. అంతరపంటగా కంది సాళ్లు వేసే రైతు ఆలోచన, కత్తితో పాటు కొంత మంత్రమూ తెలిసిన పాలడిన్ అనే క్లాస్‌ది: వేరుశనగ పోయినా కంది మిగులుతుంది, కత్తి చాలకపోతే చేతి స్పర్శతో ప్రాణం పోసుకోవచ్చు. కొత్తవారికి మిశ్రమ క్లాసులు వద్దని కొందరు సలహా ఇస్తారు. మూడు నాలుగు విద్యలను సగం సగం నేర్పే క్లాసుల విషయంలో ఆ సలహా సరైనదే. కానీ పాలడిన్ సగం యోధుడు కాదు, నిండు యోధుడే. మంత్రం అతడికి గట్టు మీది కంది.

ఇంతవరకూ చూస్తే కత్తి, డాలు పట్టుకుంటే చాలు అనిపిస్తుంది. ఎల్డెన్ రింగ్ దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం కొంచెం తడబడుతుంది. ఆ ఆటలో మంత్రాలు చదివే ఆస్ట్రాలజర్‌ను కొత్తవారికి సిఫారసు చేసేవారు చాలామంది ఉన్నారు, వారి మాటలో నిజం ఉంది. దూరంగా నిలబడి నీలిరంగు రాయి లాంటి మంత్రాన్ని విసురుతూ పోతే చాలా శత్రువులు దగ్గరికి రాకముందే రాలిపోతారు. కత్తి పట్టినవాడు అదే శత్రువు పక్కన నిలబడి, వాడి ప్రతి కదలికనూ చదివి, సరైన క్షణాన పక్కకు దొర్లాలి. మరి ఆస్ట్రాలజరే సులభం కదా?

మొదటి పది గంటలకు సులభమే. ఆ సుఖానికి ధర రెండు చోట్ల పడుతుంది. ఆటలో మొదట నాలుగు సీసాలు ఉంటాయి. ఎర్ర సీసా ప్రాణం పోస్తుంది, నీలి సీసా మంత్రశక్తిని నింపుతుంది. కత్తి పట్టినవాడు నాలుగింటినీ ప్రాణానికే కేటాయించుకోవచ్చు. మంత్రగాడు సగం సగం పంచుకోవాలి. ఆస్ట్రాలజర్ మొదలయ్యేదే రెండు ఎర్రవి, రెండు నీలివితో. ప్రాణబలం అంకె, కత్తీ డాలూ పట్టే వ్యాగబాండ్ అనే క్లాస్‌కు 15 ఉంటే ఇతడికి 9. అంటే ప్రాణమూ తక్కువ, దాన్ని నింపుకునే అవకాశాలూ తక్కువ. రెండో ధర ఇంకా లోతైనది. దూరం నుంచి చంపే అలవాటు పడినవాడు శత్రువు కదలికలను చూడడం నేర్చుకోడు, అవసరమే రాదు. స్టార్మ్‌వీల్ కోట దారిలో మార్గిట్ అనే కర్ర పట్టిన ముసలి రాక్షసుడు ఎదురయ్యాక ఆ చదువు ఒక్కసారిగా కావలసి వస్తుంది. అతడు కర్ర ఎత్తి, ఎత్తినచోటనే ఆపి, ఎదుటివాడు తొందరపడి దొర్లాక అప్పుడు కొడతాడు. దూరంగా నిలబడినవాడి మీద మెరిసే బాకులు విసురుతాడు, ఒక్క గంతులో మీద పడతాడు. వ్యాగబాండ్ ఈపాటికి చిన్న సైనికుల చేతిలో నలభైసార్లు చచ్చి ఈ పాఠంలో సగమైనా నేర్చి ఉంటాడు. ఆస్ట్రాలజర్‌కు ఇది మొదటి తరగతి.

తప్పులను మన్నించే గుణం, తప్పులను చూపించే గుణం వేరువేరని ముందే అన్నది ఇందుకే. ఆస్ట్రాలజర్ మన్నించడు, కానీ తప్పు చేసే అవసరమే రానివ్వడు. వ్యాగబాండ్ తప్పులు చేయిస్తాడు, ఓర్చుకుంటాడు, చూపిస్తాడు. ఆటను పూర్తిచేయడమే లక్ష్యమైతే ఆస్ట్రాలజర్. ఈ తరహా ఆటలు ఇంకా నాలుగు ఆడాలనుకుంటే వ్యాగబాండ్.

ఆ పది మంది గురించి ఇంకొక్క సంగతి కూడిక చేసినవారికే కనిపిస్తుంది. వ్యాగబాండ్ 9వ లెవెల్‌లో మొదలవుతాడు, అతడి ఎనిమిది గుణాల మొత్తం 88. సమురాయ్ కూడా 9వ లెవెలే, మొత్తం 88. ఆస్ట్రాలజర్ 6వ లెవెల్, మొత్తం 85. ఒంటిమీద గుడ్డ కూడా సరిగా లేకుండా దుడ్డుకర్రతో వచ్చే రెచ్ 1వ లెవెల్, అన్నీ పదులే, మొత్తం 80. మొత్తంలోంచి లెవెల్ తీసేస్తే ప్రతిసారీ 79 మిగులుతుంది. ఎవరికీ ఒక్క పాయింటు అప్పనంగా ఇవ్వలేదు, ఎవరి దగ్గరా కొట్టేయలేదు. చిట్టా సరిపోయింది. కనుక ఎక్కువ లెవెల్ ఉన్నవాడు గట్టివాడన్న లెక్కా తప్పే, రెచ్ శాశ్వతంగా బలహీనుడన్న లెక్కా తప్పే. తేడా అంతా మొదటి మూడు నాలుగు గంటలది: చేతిలో ఏ ఆయుధం ఉంది, ఒంటి మీద ఏముంది, పాయింట్లు ఎక్కడ పోగై ఉన్నాయి.

ఆ మూడు నాలుగు గంటల కోసమే చూస్తే వ్యాగబాండ్ డాలుకు పెద్ద విలువ ఉంది. మామూలు ఆయుధాల దెబ్బను అది నూటికి నూరుపాళ్లు ఆపుతుంది. డాలు మీద దెబ్బ పడిన వెంటనే బలంగా తిరిగి కొట్టే ఎత్తు ఒకటి ఆటలో ఉంది, అది చేతికి వచ్చినవాడు మొదటి ప్రాంతమంతా ధైర్యంగా తిరగవచ్చు. సమురాయ్ దగ్గర రక్తం కార్చే పొడవాటి కత్తి ఉంది, పెద్ద విల్లు ఉంది, చూడడానికి ఠీవిగా ఉంటాడు. డాలు మాత్రం చిన్నది, దెబ్బను పూర్తిగా ఆపదు. పక్కకు దొర్లడం త్వరగా నేర్చుకోగలనన్న నమ్మకం ఉన్నవారికి సమురాయ్, లేనివారికి వ్యాగబాండ్. ఒక హెచ్చరిక మాత్రం రెండు చోట్లా వర్తిస్తుంది. దొరికిన ప్రతి బరువైన కవచాన్నీ తొడిగి, మోయగలిగిన బరువులో 70 శాతం దాటితే పాత్ర దొర్లడం మానేసి బస్తాలా పడుతుంది. ఇనుము ఎక్కువైతే రక్షణ పెరుగుతుందనుకున్న కొత్తవాళ్లు ఈ ఒక్క కారణంతో వారాల తరబడి చస్తూ, తప్పు తమ వేళ్లదని అనుకుంటారు. రెచ్ మాత్రం పౌరుషానికి ఎంచుకునేది. సీమలో పౌరుషానికి కొదవ లేదు కనుక ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది: మొదటి ఆటకు వద్దు.

బంట్లను వెంటేసుకుని తిరిగే క్లాసులు మరో రకం. 2000లో వచ్చిన డయాబ్లో 2లో నెక్రోమాన్సర్ శవాల్లోంచి అస్థిపంజరాలను లేపుతాడు. 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో హంటర్ వెంట ఎలుగుబంటో తోడేలో ఉంటుంది. దెబ్బలు అవి తింటాయి, యజమాని వెనక నిలబడి తన పని చేసుకుంటాడు. కొత్తవారికి ఇంతకంటే మన్నించే ఏర్పాటు ఉండదు, రోజంతా పనిచేసి రాత్రి ఒక గంట సేదతీరడానికి ఆడేవారికి నిస్సంకోచంగా చెప్పవచ్చు. పాఠాల సంగతి మాత్రం ఆస్ట్రాలజర్ దగ్గర చెప్పినదే, ఇంకాస్త ఎక్కువ. ఎలుగుబంటి ఎందుకు చచ్చిందో యజమానికి తెలియదు. ఊరి జాతరలో తన కోడెను తమ్ముడి చేత తోలించి తాను అరుగు మీద కూర్చున్నవాడికి పగ్గం పట్టు ఎంత తెలుస్తుందో అంతే తెలుస్తుంది.

ఇక విలుకాడు. కొత్తవారి చూపు మొదట పడేది విల్లు మీదే, దూరం నుంచి కొడితే భద్రమని. ఆ భద్రత నేలను బట్టి ఉంటుంది. గండికోట బురుజు మీద నిలబడి పెన్నా లోయలోకి చూసేవాడి చేతిలో విల్లు ఉంటే అతడే రాజు. అదే విల్లు పట్టుకుని కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలలో ఒకరి వెనక ఒకరు వంగి నడిచే సందులోకి దిగమనండి. ఫాంటసీ ఆటలలో మొదటి గంటలలో ఆడించే చోట్లు ఎక్కువగా గుహలు, సొరంగాలు, నేలమాళిగలు. దొంగ, రోగ్ తరహా క్లాసులది ఇంకో ఇబ్బంది. వెనక నుంచి పొడిస్తేనే, చూడనప్పుడు కొడితేనే వాటి బలం. షరతు తప్పితే చేతిలో ఉన్నది కూరగాయల కత్తి. ఆటలో ఎవరు ఎప్పుడు ఎటు చూస్తారో తెలిసిన రెండో ఆటలో వీటి రుచి వేరు.

తెలుగు ఆటగాళ్ల విషయంలో ఒక అదనపు బరువు ఉంది, బయటి సలహాలలో అది ఎక్కడా లెక్కకు రాదు. ఎల్డెన్ రింగ్‌లో గానీ బాల్డర్స్ గేట్ 3లో గానీ తెలుగు లేదు. ఇంగ్లీషులో చదవాలి, అదీ పాత కావ్యాల వాసన కొట్టే ఇంగ్లీషు. ఫైటర్ ఆడేవాడు చదవవలసిన వివరణలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: రెండో లెవెల్‌లో వచ్చే అదనపు చర్య, తరవాత ఛాంపియన్ మార్గం తీసుకుంటే 20తో పాటు 19 పడినా దెబ్బ రెట్టింపు కావడం, ఇలాంటివి. క్లెరిక్ ముందు తన లెవెల్‌కు అందే మంత్రాల పట్టిక అంతా ఒకేసారి తెరుచుకుంటుంది, అందులోంచి ఏవి వెంట పెట్టుకోవాలో తనే ఎంచాలి. విజార్డ్ అయితే దారిలో దొరికిన చుట్టల నుంచి కొత్త మంత్రాలు రాసుకుంటూ పోవాలి. ప్రతి మంత్రానికీ నాలుగైదు వరుసల షరతులు. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు ఇక్కడ తడబడితే అది తెలివికి సంబంధించిన సంగతి కానే కాదు, చదువు భారం. ఆ భారాన్ని కూడా క్లాస్ కఠినతలో కలిపే చూడాలి. మంత్రమే కావాలని పట్టుబట్టేవారికి వార్‌లాక్ అనే మరో రకం మంత్రగాడు నయం. తెలిసిన మంత్రాలు తక్కువ, లెక్క లేకుండా విసరగల ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది, వాడేసిన పెద్ద మంత్రాలు చిన్న విశ్రాంతితోనే తిరిగి వస్తాయి.

బాల్డర్స్ గేట్ 3లో మరో మెలిక, మాట. అందులో పోరాటం ఎంతో సంభాషణ అంత. జట్టులోకి తీసుకోగలిగినవారిలో కత్తికి లేజెల్ ఉంది, వైద్యానికి షాడోహార్ట్ ఉంది, తాళాలకు ఆస్టేరియన్, మంత్రాలకు గేల్ ఉన్నారు. దారిలోనే కలుస్తారు. కనుక జట్టులో లేనిదాన్ని పూరించాలన్న బెంగ కొత్తవాడికి అక్కరలేదు. కానీ ఎవరైనా ఎదురుపడి మాట మొదలుపెడితే సాధారణంగా జవాబు చెప్పేది ఆటగాడి పాత్రే. బెదిరించాలన్నా బతిమాలాలన్నా పాచిక వేసేది అతడి వాక్చాతుర్యం మీదే. పాలడిన్, బార్డ్ అనే పాటగాడు, వార్‌లాక్, సోర్సరర్ అనే ఇంకో మంత్రగాడు, ఈ క్లాసులకు ఆ గుణం పుట్టుకతో అవసరం, ఫైటర్‌కు అవసరం లేదు కనుక సాధారణంగా తక్కువ ఉంటుంది. పోట్లాట తప్పించుకోగల మాటకారితనం కూడా ఒక కవచమే. చదవడానికి ఓపిక, మాటల మీద ఇష్టం ఉన్నవారికి ఈ ఆటలో పాలడిన్‌ను మించిన మొదటి క్లాస్ కనిపించదు. ఒక్కటి చూసుకోవాలి: పాలడిన్‌కు ఒక ప్రతిన ఉంటుంది. దానికి విరుద్ధంగా, అమాయకుడిని ఊరికే చంపడం లాంటి పని చేస్తే ప్రతిన భంగమై శక్తుల తీరే మారిపోతుంది. మాట తప్పినవాడిని ఆట గుర్తుపెట్టుకుంటుంది.

క్లాసే లేని ఆట ఎంచుకుంటే ఈ తలనొప్పి తప్పుతుందని కొందరి సలహా. 2011 నవంబరు 11న వచ్చిన స్కైరిమ్‌లో మొదట ఎవరినీ క్లాస్ అడగరు. ఏది వాడితే ఆ విద్య పెరుగుతుంది. వినడానికి ఇంతకంటే న్యాయం లేదు. అయితే అక్కడ ఎంపిక మాయం కాలేదు, దాక్కుంది. కొలిమి పనీ, మందుల తయారీ, బేరమాడడమూ కూడా విద్యలే. అవి పెరిగినా పాత్ర లెవెల్ పెరుగుతుంది. లెవెల్‌తో పాటు చాలాచోట్ల శత్రువులూ బలపడతారు. నాలుగు రోజులు కొలిమి దగ్గర కూర్చుని బాకులు సాగగొట్టినవాడు బయటికి వచ్చి చూస్తే ఎదురైన బందిపోటు వస్తాదులా ఉంటాడు, తన కత్తి విద్య మాత్రం మొదటి రోజుదే. ఆట మొదట్లో రివర్‌వుడ్ దారిలో మూడు రాళ్లు కనిపిస్తాయి, యోధుడిది, మాంత్రికుడిది, దొంగది. తాకిన రాయికి చెందిన విద్యలు 20 శాతం వేగంగా వస్తాయి. క్లాస్ ఎంపిక అక్కడే ఉంది, పేరు పెట్టలేదంతే.

తప్పు ఎంచుకుంటే ఏమవుతుందన్న భయం ఒకప్పుడు న్యాయమైనదే. డయాబ్లో 2 వచ్చిన కొత్తలో ఒక నైపుణ్యం మీద పెట్టిన పాయింటును వెనక్కి తీసుకునే దారి లేదు. నలభై గంటలు ఆడాక తప్పు తెలిస్తే కొత్త పాత్రతో మొదటి నుంచి మొదలుపెట్టడమే. ఆ వీలు ఆటలోకి రావడానికి 2010 దాకా పట్టింది. ఇప్పుడు కాలం మారింది. బాల్డర్స్ గేట్ 3లో విడిదిలో నిలబడి ఉండే విథర్స్ అనే ఎముకల మనిషికి 100 బంగారు నాణేలు ఇస్తే క్లాస్‌నే మార్చేస్తాడు, ఎన్నిసార్లయినా. ఎల్డెన్ రింగ్‌లో రెనాలా అనే రాణిని ఓడించాక, లార్వల్ టియర్ అనే అరుదైన వస్తువు ఖర్చు పెట్టి గుణాల పాయింట్లను తిరిగి పంచుకోవచ్చు. అక్కడిదాకా చేరడం కొత్తవాడికి చిన్న ప్రయాణం కాదు, అయినా దారి ఉంది. అంచేత తెర ముందు అరగంట కూర్చోవడం కంటే రెండు మూడు క్లాసులతో తలా ఒక గంట ఆడి చూడడం మేలు. ఆ గంటలో అయిదుసార్లు చచ్చిపోతే, అందులో ఎన్ని చావులకు కారణం చెప్పగలరో చూసుకోవాలి. మూడింటికి చెప్పగలిగితే ఆ క్లాస్ కుదిరినట్లే. ఒక్కదానికీ చెప్పలేకపోతే, ఒక్కసారి కూడా చావకపోయినా సరే, ఇంకొకటి చూడడం మంచిది.

క్లాస్ కంటే ముందు తేల్చుకోవలసినది ఇంట్లోని యంత్రం. ఎల్డెన్ రింగ్‌కు కనీసం 12 జీబీ ర్యామ్ అడుగుతారు. పాత ల్యాప్‌టాప్‌లో బొమ్మ తడబడుతూ కదిలితే, రెప్పపాటులో పక్కకు దొర్లడం మీద ఆధారపడే సమురాయ్ లాంటి క్లాస్‌కు అది నేరుగా శిక్ష. ఎత్తి పట్టుకున్న డాలుకు అంత శిక్ష లేదు. వంతులవారీగా సాగే బాల్డర్స్ గేట్ 3లో బొమ్మ తడబడినా ప్రాణం పోదు, కానీ దానికి 150 జీబీ చోటు కావాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను ప్యాకు మీద దించుకుంటే 75 రోజులు, అంటే ఆట తెరుచుకునేసరికి వేసవి సెలవులు అయిపోతాయి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో కరెంటు పోవడం గురించి కూడా ఒక మాట. ఎల్డెన్ రింగ్ తనంతట తానే ఎప్పటికప్పుడు సేవ్ చేసుకుంటుంది, పోయేది తక్కువ. బాల్డర్స్ గేట్ 3లో ప్రతి పోరాటానికి ముందు ఎఫ్5 నొక్కే అలవాటు చేసుకోకపోతే ఫ్యానుతో పాటు గంట శ్రమ కూడా ఆగిపోతుంది.

ఎల్డెన్ రింగ్‌లో మొదటి తలుపు తెరుచుకుని వెలుగులోకి రాగానే ఎదురుగా దారి మీద బంగారు కవచం తొడిగిన గుర్రపు రౌతు ఒకడు అటూ ఇటూ తిరుగుతుంటాడు. పేరు ట్రీ సెంటినెల్. పది క్లాసులలో ఎవరిని ఎంచుకుని వెళ్లినా మొదటిసారి కొత్తవాడిని తొక్కేస్తాడు, రెచ్‌ను ఒక దెబ్బ ముందు, వ్యాగబాండ్‌ను ఒక దెబ్బ తరవాత. ఆ బండ సీనియర్లది. దారికి రెండు పక్కలా గడ్డి మైదానం, ఖాళీగానే ఉంటుంది.